పిల్లి కాలేయంలో మూగబోయిన జన్యువు: మాంసాహార క్షీరదాల విషహరణ ఎంజైముల పరిణామంపై చర్చ

అన్వేషి

జీవశాస్త్రం చదివే విద్యార్థుల కోసం పరిణామం మీద ఒక పాఠ్యవ్యాసం రాస్తున్నాను. అందులో పిల్లి ఉదాహరణ చేర్చాలని అనుకున్నాను. పిల్లికి పారాసిటమాల్ ప్రాణాంతకమన్న సంగతి చాలామందికి తెలుసు. దానికి సాధారణంగా చెప్పే కారణం ఇది: పిల్లి మాంసం మాత్రమే తింటుంది, మొక్కల్లోని విషపదార్థాలు దాని ఆహారంలో ఉండవు, కాబట్టి వాటిని విరిచే ఎంజైములు దానికి అవసరం లేక పోయాయి. వినడానికి ఇది సబబుగానే ఉంది. అయినా "అవసరం లేక పోయాయి" అన్న మాట దగ్గర నా కలం ఆగిపోతోంది. అవసరం లేనంత మాత్రాన ఒక జన్యువు ఎలా పోతుంది? మాంసం తినే జంతువులన్నిటిలోనూ ఇలాగే జరిగిందా, లేక పిల్లి ఒక్కదానికేనా? ఈ విషయం లోతుగా తెలిసినవారు వివరించగలరని ఆశిస్తున్నాను.

పశువైద్యురాలు

అన్వేషి గారూ, ముందుగా కాలేయంలో జరిగేదేమిటో చెబుతాను, జన్యువుల సంగతి తెలిసినవారు తరువాత అందుకుంటారు.

శరీరంలోకి వచ్చిన పరాయి రసాయనాన్ని బయటికి పంపాలంటే దాన్ని నీటిలో కరిగేలా మార్చాలి. అందుకు కాలేయం వాడే మార్గాల్లో ముఖ్యమైనది గ్లూకురోనైడేషన్, అంటే గ్లూకురోనిక్ ఆమ్లం అణువును ఆ రసాయనానికి తగిలించడం. ఈ పని చేసే ఎంజైముల కుటుంబం పేరు యూజీటీ. మనుషులు తీసుకున్న పారాసిటమాల్‌లో ఎక్కువ భాగం ఇలాగే పోతుంది, కొంత సల్ఫేటు తగిలించుకుని పోతుంది. మిగిలిన కొద్ది భాగాన్ని సైటోక్రోమ్ పీ450 ఎంజైములు ఆక్సీకరించగా, నాప్క్వి అనే హానికరమైన పదార్థం తయారవుతుంది. దాన్ని కణాల్లో ఉండే గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం పట్టుకుని నిర్వీర్యం చేస్తుంది.

పిల్లిలో మొదటి మార్గం దాదాపు మూసుకుపోయింది. సల్ఫేటు మార్గం ఉన్నా దాని సామర్థ్యం త్వరగా నిండిపోతుంది. మిగిలినదంతా ఆక్సీకరణ వైపు మళ్లుతుంది, గ్లూటాథయోన్ నిల్వ తరిగిపోతుంది. పైగా పిల్లి హీమోగ్లోబిన్ అణువులో ఆక్సీకరణకు సులువుగా లొంగే సల్ఫ్‌హైడ్రిల్ (గంధకం, హైడ్రోజన్ కలిసిన) సమూహాలు 8 ఉంటాయి. కుక్కలో అవి 4, మనిషిలో 2. అందువల్ల పిల్లిలో దెబ్బ ముందుగా ఎర్ర రక్తకణాలకు తగులుతుంది: హీమోగ్లోబిన్ మెథ్‌హీమోగ్లోబిన్‌గా మారి ఆక్సిజన్ మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల మోతాదు కూడా విషంగా పరిణమించిన సందర్భాలున్నాయి. ఆస్పిరిన్ సంగతీ ఇటువంటిదే. మనిషిలో కొద్ది మోతాదు ఇచ్చినప్పుడు సాలిసిలేటు (ఆస్పిరిన్ నుంచి ఏర్పడే పదార్థం) అర్ధాయువు, అంటే రక్తంలో అది సగానికి తగ్గే కాలం, రెండు మూడు గంటలైతే, పిల్లిలో అది సుమారు 40 గంటలు.

జన్యుశోధకుడు

ఇక జన్యువు సంగతి. పిల్లిలో పోయినది యూజీటీ కుటుంబం మొత్తం కాదు, అందులో ఒక సభ్యుడైన యూజీటీ1ఏ6. చదునైన ఆకారం గల ఫినాల్ అణువులను పట్టుకోవడంలో ఇది దిట్ట. పారాసిటమాల్ అటువంటి ఫినాలే. పిల్లిలో ఇది మిథ్యాజన్యువుగా, అంటే పనిచేయని జన్యుశేషంగా, మారిపోయిందని 2000లో ప్రచురితమైన పరిశోధన నిరూపించింది. జన్యువు ఉండవలసిన చోటనే ఉంది, కానీ మధ్యలో అకాల విరామ సంకేతాలు పడ్డాయి, కొన్నిచోట్ల డీఎన్ఏ అక్షరాలు జారిపోయి పాఠం తప్పింది. దాని నుంచి పనికొచ్చే ప్రోటీను తయారు కాదు.

ఈ జన్యువు అమరికను అర్థం చేసుకుంటే అన్వేషి గారి ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. యూజీటీ1ఏ సభ్యులన్నీ ఒకే జన్యుస్థానంలో ఉంటాయి. ఒక్కొక్క సభ్యుడికి తనదైన మొదటి ఎక్సాన్ (ప్రోటీను పాఠం ఉండే జన్యుఖండం), తనదైన ప్రమోటరు (జన్యువును పనిలోకి దించే మీట వంటి భాగం) ఉంటాయి. 2 నుంచి 5 వరకు ఉన్న ఎక్సాన్లు అందరికీ ఉమ్మడి. మనుషుల్లో ఇలాంటి మొదటి ఎక్సాన్లు 13 ఉండగా, వాటిలో 9 పనిచేస్తాయి, 4 ఇప్పటికే మిథ్యాజన్యువులు. ఏ రసాయనాన్ని పట్టుకోవాలో మొదటి ఎక్సాన్ నిర్ణయిస్తుంది. గ్లూకురోనిక్ ఆమ్లాన్ని అందించే భాగం ఉమ్మడి ఎక్సాన్ల నుంచి వస్తుంది.

కాబట్టి 1ఏ6 తాలూకు మొదటి ఎక్సాన్ చెడిపోతే పక్కవాటికి ఏమీ కాదు. ఉమ్మడి భాగం చెడితే మాత్రం అన్నీ పోతాయి. ప్రయోగశాలల్లో పెంచే గన్ ఎలుకల్లో జరిగింది అదే: నాలుగో ఎక్సాన్‌లో ఒక్క అక్షరం జారిపోవడంతో యూజీటీ1ఏ సభ్యులన్నీ మూలబడ్డాయి, పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు ఏర్పడే పచ్చని వ్యర్థమైన బిలిరూబిన్‌ను విసర్జించలేక ఆ ఎలుకలు పుట్టుకతోనే కామెర్లతో ఉంటాయి. పిల్లిలో బిలిరూబిన్ బాధ్యత చూసే యూజీటీ1ఏ1 చెక్కుచెదరలేదు. రక్తకణాలు చనిపోతున్నంత కాలం బిలిరూబిన్ తయారవుతూనే ఉంటుంది, ఏం తిన్నా ఏం తినకపోయినా ఆ పని తప్పదు. ఆహారంతో ముడిపడిన పనిముట్టు తుప్పుపట్టింది, శరీరపు సొంత అవసరంతో ముడిపడినది నిలిచింది. ఈ అమరికలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే.

విద్యార్థిని

జన్యుశోధకుడు గారూ, ఒక సందేహం. పనికిరాని జన్యువును వదిలించుకోవడం వల్ల పిల్లికి ఏదైనా మేలు జరిగి ఉంటుందా? శక్తి ఆదా అవుతుంది కాబట్టి పరిణామం దాన్ని తీసివేసింది అనుకోవచ్చా?

జన్యుశోధకుడు

అలా అనుకోవలసిన అవసరం లేదమ్మా. ప్రతి తరంలోనూ ప్రతి జన్యువులోనూ ఎక్కడో ఒకచోట ఉత్పరివర్తనలు, అంటే డీఎన్ఏ పాఠంలో మార్పులు, పుడుతూనే ఉంటాయి. ఆ జన్యువు అవసరమైనదైతే, చెడిపోయిన ప్రతిని మోసే జంతువు సంతానం తక్కువై ఆ ప్రతి క్రమంగా కనుమరుగవుతుంది. అంటే ప్రకృతి వరణం ఇక్కడ చేస్తున్నది కాపలా పని. కాపలా సడలితే, చెడిన ప్రతికీ మంచి ప్రతికీ తేడా ఉండదు, ఏది మిగులుతుందన్నది యాదృచ్ఛికమే. అటువంటి తటస్థ ఉత్పరివర్తన ఒక్కొక్కటీ జనాభా అంతటా వ్యాపించే అవకాశం అతి స్వల్పం. కానీ అవి కోట్ల ఏళ్లపాటు పుడుతూనే ఉంటాయి కనుక, ఎప్పుడో ఒకప్పుడు ఒకటి స్థిరపడుతుంది. ఒకటి స్థిరపడ్డాక జన్యువు ఎటూ పనిచేయదు కాబట్టి, రెండోదాన్నీ మూడోదాన్నీ అడ్డుకునే శక్తే ఉండదు. పిల్లి యూజీటీ1ఏ6లో ఒకటికి మించి దెబ్బలు కనిపించడానికి కారణం ఇదే.

"పరిణామం తీసివేసింది" అన్న మాట వింటే ఎవరో ఆలోచించి చేసిన పనిలా అనిపిస్తుంది. "ప్రకృతి వరణం నిలబెట్టడం మానేసింది" అంటే సరిపోతుంది.

శిలాజప్రియ

ఇది ఎప్పుడు జరిగిందన్నది కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే కాలం తెలిస్తేనే ఆహారంతో ముడిపెట్టగలం. పిల్లి కుటుంబంలోని అనేక జాతుల డీఎన్ఏను 2011లో వెలువడిన ఒక అధ్యయనం పోల్చి చూసింది. ఇంటిపిల్లితో పాటు పరిశీలించిన అడవిపిల్లులూ పెద్దపిల్లులూ అన్నిటిలోనూ యూజీటీ1ఏ6 చెడిపోయే ఉంది. చెడగొట్టిన ఉత్పరివర్తనల్లో కొన్ని వాటన్నిటికీ ఉమ్మడి. ఒకే తప్పు అన్ని ప్రతుల్లోనూ కనబడితే అది మూలప్రతి నుంచే వచ్చిందని తాళపత్రాలు పరిష్కరించేవారు గ్రహిస్తారు. ఇక్కడ తర్కమూ అదే. ఆ తప్పు స్థిరపడినది 3.5 కోట్ల ఏళ్లకూ 1.1 కోట్ల ఏళ్లకూ మధ్య అని వారు అంచనా వేశారు.

ఆ విరామం విశాలమైనదే, కానీ దానికి అర్థముంది. పిల్లులకు అతి దగ్గరి బంధువులైన లిన్సాంగుల (ఆసియా అడవుల్లోని చిన్న వేటజంతువుల) వంశం విడిపోయినది దాని మొదటి అంచుకు దగ్గరలో, నేటి పిల్లులన్నిటి ఉమ్మడి పూర్వీకుడు బతికినది రెండో అంచుకు దగ్గరలో. ఆ నడుమనే ప్రోఐలూరస్ వంటి తొలి పిల్లుల శిలాజాలు దొరుకుతాయి. పిల్లి వంశంలో నమిలి నూరే దంతాలు క్రమంగా కుదించుకుపోయాయి, మాంసాన్ని కత్తెరలా కోసే దంతాలు పదునెక్కాయి. దంతాలు మారుతున్న ఆ సుదీర్ఘ కాలంలోనే కాలేయంలోని జన్యువుకు కూడా కాపలా సడలిందని అనుకోవడానికి ఆస్కారముంది.

అదే అధ్యయనం గోధుమరంగు దుమ్ములగొండిలోనూ ఉత్తర ఏనుగు సీల్‌లోనూ యూజీటీ1ఏ6 చెడిపోయి ఉందని గుర్తించింది. ఈ రెండూ పిల్లులు కావు. పిల్లులకూ సీళ్లకూ మధ్యనైతే బంధుత్వం మరీ దూరం. వేరువేరు వంశాల్లో, వేరువేరు కాలాల్లో, అదే జన్యువు పోయింది. ఆహారంలో అత్యధిక భాగం జంతుమాంసమే కావడం వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం.

సందేహి

పై వివరణలన్నీ శ్రద్ధగా చదివాను. అయినా "మాంసం తింటే విషహరణ జన్యువులు పోతాయి" అన్న సూత్రంగా దీన్ని విద్యార్థులకు అందించడం నాకు సమ్మతం కాదు. మూడు కారణాలు చెబుతాను.

మొదటిది కుక్క. ఎన్-ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్ (ఎన్ఏటీ) అనే మరో విషహరణ ఎంజైము ఉంది, అది బెంజీన్ వలయం గల అమైన్లకు ఎసిటైల్ సమూహాన్ని తగిలిస్తుంది. కుక్కలోనూ తక్కిన శునక జాతుల్లోనూ ఈ ఎంజైము జన్యువులు అసలే లేవని 1997లోనే తేలింది. తోడేలు, నక్క, కుక్క ఈ విషయంలో ఒకే తీరు. ఇవి పిల్లిలాగా మాంసానికే కట్టుబడినవి కావు. నక్కలు పండ్లూ పురుగులూ కూడా తింటాయి. కుక్క కంటే కరుడుగట్టిన మాంసాహారి అయిన పిల్లిలో మాత్రం ఎన్ఏటీ1 జన్యువు మిగిలే ఉంది, ఎన్ఏటీ2 లేదు. ఆహారమే ఏకైక కారణమైతే ఈ లెక్క తిరగబడాలి.

రెండవది ఫెర్రెట్ అనే ముంగిసలాంటి పెంపుడు జంతువు. ఇదీ మాంసాహారే. దీని కాలేయం కూడా పారాసిటమాల్‌ను నెమ్మదిగానే గ్లూకురోనైడు చేస్తుంది. అయితే దీని యూజీటీ1ఏ6 జన్యుపాఠంలో స్పష్టమైన లోపమేదీ కనబడలేదు. అంటే జన్యువు చెక్కుచెదరకున్నా చర్య మందగించవచ్చు. జన్యువు పాఠం చదివి కాలేయం తీరు తేల్చేయలేం.

మూడవది, పిల్లి అన్ని మందుల విషయంలోనూ బలహీనమైనదన్న అభిప్రాయం. పైరాక్సికామ్ అనే నొప్పి మందు అర్ధాయువు కుక్కలో సుమారు 40 గంటలుంటే, పిల్లిలో 12 గంటలకు అటూఇటూ. అది ఆక్సీకరణ మార్గంలో పోయే మందు కావడం వల్ల పిల్లి కుక్కను మించిపోతుంది.

పశువైద్యురాలు

సందేహి గారు చెప్పిన మూడో అంశాన్ని నా అనుభవం కూడా బలపరుస్తోంది. "పిల్లి కాలేయం బలహీనం" అనే మాట మా వృత్తిలోనూ వినిపిస్తుంది, అది రోగికి మేలు చేసే మాట కాదు. దానికి భయపడి నొప్పితో బాధపడుతున్న పిల్లికి ఏ మందూ ఇవ్వకుండా వదిలేసిన సందర్భాలు చూశాను. మందు ఏ మార్గంలో పోతుందో చూడాలి. గ్లూకురోనైడేషన్ మీద, అందులోనూ 1ఏ6 మీద ఆధారపడే మందైతే ప్రమాదం. ఆక్సీకరణ మీద ఆధారపడే మెలాక్సికామ్ వంటిదాన్ని పిల్లికి తగిన మోతాదులో వాడుతూనే ఉన్నాం.

కుక్కల విషయంలో మరో మాట చేరుస్తాను. ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్ లేకపోవడం వల్ల కుక్కలు సల్ఫోనమైడ్ అనే బాక్టీరియా నిరోధక మందులను ఎసిటైలేషన్ మార్గంలో వదిలించుకోలేవు, కొన్ని కుక్కలకు అవి తీవ్రంగా పడకపోవడానికి ఇది ఒక కారణమై ఉంటుందని భావిస్తారు. పిల్లిలో పారాసిటమాల్ వల్ల రక్తం దెబ్బతినడంలో ఎన్ఏటీ2 లేమికి కూడా పాత్ర ఉందని, పారా అమైనోఫినాల్ అనే ఉపపదార్థం ఎసిటైలేషన్ చెందకుండా మిగిలిపోయి హీమోగ్లోబిన్‌ను ఆక్సీకరిస్తుందని చెప్పే ఆధారాలున్నాయి. కాబట్టి పారాసిటమాల్ కథలో కూడా దోషి యూజీటీ1ఏ6 ఒక్కటే కాదు.

శిలాజప్రియ

సందేహి గారి మొదటి అభ్యంతరాన్ని అంగీకరిస్తాను. ఆహారం కాపలాను సడలించగలదు, కానీ ఏ వంశంలో ఏ జన్యువు ఎప్పుడు పోతుందన్నది యాదృచ్ఛికత చేతిలోనూ ఉంటుంది. జనాభా చిన్నదైనప్పుడు, కొంచెం హాని చేసే ఉత్పరివర్తన కూడా వ్యాపించిపోవచ్చు, ప్రకృతి వరణం అంత సూక్ష్మమైన నష్టాన్ని చిన్న జనాభాలో పట్టుకోలేదు. వేటాడే జంతువులు సహజంగానే తమ ఎర కంటే సంఖ్యలో సాధారణంగా తక్కువగా ఉంటాయి. శునకాల పూర్వీకుల్లో ఎన్ఏటీ జన్యువులు పోవడానికి ఆహారాన్నే కారణంగా చూపనక్కరలేదు.

అయితే ఒక్క జన్యువును పట్టుకుని వాదించుకునే బదులు జన్యుసముదాయం (ఒక జీవి డీఎన్ఏ అంతా) మొత్తాన్ని చూసిన పని ఒకటుంది. శాకాహార, మాంసాహార క్షీరదాల జన్యుసముదాయాలను పోల్చి 2019లో వెలువడిన అధ్యయనంలో, మాంసాహార వంశాలు పదేపదే కోల్పోయినవాటిలో ఎన్ఆర్1ఐ3 అనే జన్యువు తేలింది. ఇది ఎంజైము కాదు. పరాయి రసాయనం వచ్చిందని పసిగట్టి, విషహరణ ఎంజైముల జన్యువులను మేల్కొలిపే గ్రాహకం. కొన్ని వంశాల్లో పనిముట్టు పోయింది, మరికొన్నిటిలో పనిముట్లను బయటికి తీయమని చెప్పేవాడే పోయాడు.

కడలి

సముద్ర క్షీరదాల వైపు నుంచి నేను ఒక హెచ్చరిక చేర్చాలనుకుంటున్నాను. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం పారాక్సొనేజ్ 1 అనే ఎంజైము జన్యువు తిమింగలాలు, డాల్ఫిన్ల వంశంలోనూ, మనాటీ, డ్యూగాంగ్ అనే సముద్రపు ఆవుల వంశంలోనూ, కొన్ని సీళ్లలోనూ విడివిడిగా చెడిపోయింది. రక్తంలో ఉండే ఈ ఎంజైము ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల నుంచి ఏర్పడే విషరూపాలను విరిచివేస్తుంది.

దీన్ని చూడగానే "మాంసాహారులు మరో విషహరణ జన్యువును పోగొట్టుకున్నాయి" అని రాయాలనిపిస్తుంది. కానీ మనాటీ గడ్డి తినే జంతువు! డాల్ఫిన్, మనాటీలకు ఉమ్మడిగా ఉన్నది ఆహారం కాదు, నీటిలో మునిగి బతకడం. ఈ ఎంజైము అసలు పని కొవ్వుల ఆక్సీకరణతో ముడిపడి ఉంది. లోతుల్లో ఊపిరి బిగబట్టే జీవుల్లో ఆక్సీకరణ ఒత్తిడిని తట్టుకునే ఏర్పాటు వేరుగా మారినందువల్ల దీని అవసరం తగ్గి ఉంటుందన్నది ఆ పరిశోధకుల ఆలోచన. పురుగుమందులు పుట్టక ముందు, కోట్ల ఏళ్ల క్రితం పోయిన జన్యువు ఇది. ఇవాళ పొలాల నుంచి కాలువల్లోకి చేరే మందు ఫ్లోరిడా తీరంలోని మనాటీల రక్తంలోకి వెళితే, దాన్ని విరిచే ఎంజైము అక్కడ లేదు.

"విషహరణ ఎంజైము" అన్న పేరే మనల్ని పక్కదారి పట్టిస్తుందేమోనని నా అనుమానం. అది మన వాడుకను బట్టి మనం పెట్టుకున్న పేరు. యూజీటీ1ఏ6 సైతం శరీరంలో పుట్టే సెరొటోనిన్‌కు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలిస్తుంది. ఇలాంటి ఎంజైములకు లోపలి పని ఒకటుండవచ్చు, బయటి పని ఒకటుండవచ్చు.

విద్యార్థిని

కడలి గారి మాట చదివాక మరో ప్రశ్న వచ్చింది. పిల్లులు, కుక్కలు, సీళ్లు చేరిన జంతు క్రమం పేరు కార్నివోరా కాబట్టి అందులో ఉన్నవన్నీ మాంసాహారులే అనుకునేదాన్ని. పెద్ద పాండా వెదురు తింటుంది కదా, మరి దాని సంగతేమిటి? తిరిగి మొక్కలకు మళ్లితే పోయిన జన్యువు తిరిగి వస్తుందా?

జన్యుశోధకుడు

మంచి ప్రశ్న. కార్నివోరా అన్నది బంధుత్వాన్ని చెప్పే పేరు, మాంసాహారం బతుకుతెరువును చెప్పే పేరు. పాండా మొదటిదానికి చెందుతుంది, రెండవదానికి కాదు. డాల్ఫిన్ రెండవదానికి చెందుతుంది, మొదటిదానికి కాదు. 2010లో పాండా జన్యుసముదాయం వెలువడినప్పుడు, మాంసపు రుచిని గుర్తించే టీఏఎస్1ఆర్1 జన్యువు దానిలో మిథ్యాజన్యువుగా కనబడింది. పిల్లిలో తీపి రుచికి అవసరమైన టీఏఎస్1ఆర్2 జన్యువు చెడిపోయిందని 2005లో తెలిసింది. ఒకటి మాంసం మానింది, మరొకటి తీపిని మరిచింది. ఆహారం మళ్లిన దిక్కును బట్టి కాపలా సడలే చోటు కూడా మారుతోంది.

ఇక తిరిగి రావడం గురించి. ఒకటి రెండు అక్షరాల తప్పు తాజాగా జరిగినదైతే సిద్ధాంతపరంగా సరికావచ్చు. కోట్ల ఏళ్లుగా తప్పుల మీద తప్పులు పేరుకున్న జన్యువు అదే రూపంలో తిరిగి లేవడం దాదాపు అసాధ్యం. అవసరం మళ్లీ వస్తే, మిగిలి ఉన్న బంధు జన్యువు రెట్టింపై కొత్త పని నేర్చుకోవడమే పరిణామానికి దారి. ఆ దారి ఎంత దూరం పోగలదో చూడాలంటే పూర్తి వ్యతిరేక దిశలో ఉన్న కోవాలాను చూడాలి. యూకలిప్టస్ ఆకుల్లోని ఘాటైన విషాల మీదనే బతికే ఆ జంతువులో సైటోక్రోమ్ పీ450 2సీ జన్యువులు రెట్టింపవుతూ పోయి 31కి చేరాయని 2018లో దాని జన్యుసముదాయం చదివినవారు కనుగొన్నారు. పశువైద్యురాలు గారు చెప్పిన మెలాక్సికామ్ కోవాలా శరీరంలో ఎంత వేగంగా విరిగిపోతుందంటే, నొప్పి తగ్గేంత సేపు నిలవడమే కష్టం.

సందేహి

కోవాలా ఉదాహరణతో నా అభ్యంతరం కొంత మెత్తబడింది. ఆహారానికి పాత్ర లేదని నేను అనలేదు. అది ఒక్కటే పాత్ర అని రాయకూడదన్నదే నా పట్టుదల. యూజీటీ1ఏ6 విషయంలో ఆహారపు వాదన బలంగానే ఉంది, ఎందుకంటే దూరపు వంశాల్లో అది విడివిడిగా పునరావృతమైంది. పారాక్సొనేజ్‌కు నీటి జీవనం సరిపోతుంది. శునకాల ఎన్ఏటీకి ఆ రెండు వివరణల్లో ఏదీ అతకదు. జన్యువు జన్యువుకూ కారణం విడిగా వెతకాలి.

అన్వేషి

అందరికీ కృతజ్ఞతలు. నేను రాసుకున్న పేరా కొట్టివేసి ఇలా మార్చాను, తప్పులుంటే దిద్దండి:

"పిల్లుల పూర్వీకులు మాంసానికే పరిమితమైన కాలంలో, మొక్కల్లోని ఫినాళ్లను వదిలించే యూజీటీ1ఏ6 జన్యువు మీద ప్రకృతి వరణపు కాపలా సడలింది. ఆ జన్యువులో యాదృచ్ఛికంగా పుట్టిన లోపాలు అడ్డు లేక స్థిరపడి, నేటి పిల్లి జాతులన్నిటికీ వారసత్వంగా వచ్చాయి. బిలిరూబిన్‌ను వదిలించే పొరుగు జన్యువు మాత్రం నిలిచింది. ఇతర వంశాల్లో ఇతర విషహరణ జన్యువులు వేరే కారణాల వల్ల పోయాయి. ఆ లోపాలు కోట్ల ఏళ్లపాటు ఎవరికీ కనబడలేదు, మనిషి తయారుచేసిన మందులు వచ్చాకనే బయటపడ్డాయి."

పశువైద్యురాలు

పేరా బాగుంది. ఒక్క మార్పు సూచిస్తాను. "నేటి పిల్లి జాతులన్నిటికీ" అన్నచోట "పరిశీలించిన పిల్లి జాతులన్నిటికీ" అని రాయండి.

వీలైతే చికిత్స గురించి కూడా రెండు వాక్యాలు చేర్చండి, మీ విషయానికి అది దూరం కాదు. పిల్లి పారాసిటమాల్ మింగిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే తీసుకురావాలి, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఎంత త్వరగా పడితే అంత మంచిది. ఆ మందు పోయిన జన్యువు పని చేయదు, ఏ మందూ చేయలేదు. అది సిస్టీన్‌ను అందిస్తుంది, దానితో పిల్లి కాలేయం తన గ్లూటాథయోన్‌ను తానే తిరిగి తయారు చేసుకుంటుంది.